ఫ్యాన్ లేకుండా రోహిణి కార్తె దాటించండి!

అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు, ఓ అల్యూమినియం ముక్క, ఒక థర్మామీటరు. ఇంటర్వ్యూలో అరగంట ధైర్యంగా మాట్లాడటానికి ఈ మూడూ చాలు!

మే నెల మిట్టమధ్యాహ్నం. ఫోన్లో గేమ్ ఆడుతున్నారు. పది నిమిషాలు గడిచేసరికి ఫోన్ వెనక చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంది. అప్పటిదాకా జోరుగా సాగిన ఆట ఆగి ఆగి నడుస్తుంది. ‘నెట్ స్లో’ అని తిట్టుకుంటాం. చాలాసార్లు తప్పు నెట్‌ది కాదు. లోపలున్న ప్రాసెసర్ తట్టుకోలేక తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. దీన్నే థ్రాట్లింగ్ అంటారు.

మీ ప్రాజెక్టు కోసం కొన్న రాస్‌బెరీ పై బోర్డు చేసేదీ ఇదే. డిసెంబర్‌లో రివ్యూ ముందు చక్కగా పనిచేసిన మోడల్ ఏప్రిల్‌లో ఫైనల్ డెమో నాటికి నత్తనడక నడుస్తుంది. కెమెరాలో మనిషిని గుర్తుపట్టే ప్రోగ్రామ్ సెకనుకు పది ఫ్రేములు చూసేది నాలుగైదు దగ్గర ఆగిపోతుంది. కోడ్‌లో తప్పుందేమోనని రాత్రంతా వెతుకుతాం. తప్పు కోడ్‌లో కాదు, గది ఉష్ణోగ్రతలో ఉంటుంది.

‘దానిదేముంది, ఓ చిన్న ఫ్యాన్ తగిలిస్తే సరి’ అంటారా? తగిలించొచ్చు. కానీ ఫ్యాన్ లేకుండానే ఆ వేడిని బయటికి పంపగలిగితే మీ చేతిలో బోర్డుతో పాటు ఒక ఇంజినీరింగ్ కథ కూడా ఉంటుంది. ‘ప్రాజెక్టు మీరే చేశారా?’ అని ఇంటర్వ్యూ చేసేవాళ్లు అనుమానంగా అడిగే ఈ రోజుల్లో ఆ కథకు విలువ ఎక్కువ.

ఫ్యాన్‌తో ఇబ్బంది ఏమిటి?

గూడూరు నుంచి తూర్పుగా చిల్లకూరు, కోట, వాకాడు వైపు వెళ్తే రొయ్యల గుంటలు కనిపిస్తాయి. ఈ ప్రాంతం ఈసీఈ, ఈఈఈ విద్యార్థులకు తేలిగ్గా తట్టే ప్రాజెక్టు ఐడియా ఒకటుంది. గుంట గట్టున సెన్సర్లు పెట్టి, నీటిలో ఆక్సిజన్ తగ్గితే రైతు ఫోన్‌కు మెసేజ్ పంపడం. ఐడియా మంచిదే. కానీ గట్టు మీద బోర్డుకు ఫ్యాన్ పెట్టారనుకోండి. సముద్రం వైపు నుంచి వచ్చే గాలిలో ఉప్పు, తేమ ఉంటాయి. ఫ్యాన్ ఆ గాలినే లోపలికి లాగి నేరుగా బోర్డు మీద పోస్తుంది. ఉప్పు పొర మీద తేమ చేరితే అందులోంచి కరెంటు పారుతుంది, లోహపు కాళ్లు తుప్పు పడతాయి. ఈ బోర్డులకు వాడే చిన్న చౌక ఫ్యాన్ల బేరింగులు దుమ్ముకు త్వరగా అరిగి, మొదట కీచుమని అరుస్తాయి, తర్వాత ఆగిపోతాయి. బోర్డు మొత్తంలో తిరిగే భాగం అదొక్కటే. ముందు చెడేదీ అదే.

పోనీ గాలి చొరబడని పెట్టెలో పెట్టి మూసేస్తే? అప్పుడు ఫ్యాన్ పెట్టెలోని వేడి గాలినే గిరగిరా తిప్పుతుంది. కిటికీలు మూసిన గదిలో సీలింగ్ ఫ్యాన్ వేసుకున్నట్టే.

అందుకే పొలంలో, గుంట గట్టున, స్తంభం మీద, ఫ్యాక్టరీలో నడిచే కంప్యూటర్లను చాలా వరకు ఫ్యాన్ లేకుండానే తయారుచేస్తారు. మన జేబులో ఫోన్‌కూ ఫ్యాన్ లేదు. యాపిల్ 2020లో తెచ్చిన ఎం1 మాక్‌బుక్ ఎయిర్‌కీ లేదు. అంటే ఇది చేయగలిగే పనే. ఎలాగన్నదే ప్రశ్న.

ఇంగ్లండ్ లెక్క గూడూరులో పనికిరాదు

రాస్‌బెరీ పై 2012 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ నుంచి వచ్చింది. మొదటి బోర్డులకు హీట్‌సింక్ కూడా అక్కర్లేదు. 2019 జూన్‌లో వచ్చిన పై 4 నుంచి వేడి పెద్ద చర్చయింది. 2023లో వచ్చిన పై 5కు ఫ్యాన్ తగిలించడానికి బోర్డు మీదే ప్రత్యేకంగా ఒక కనెక్టర్ ఇచ్చారు. పై 4 చిప్ 80 డిగ్రీలకు చేరగానే వేగం తగ్గించడం మొదలుపెడుతుంది, 85 దగ్గర ఇంకా గట్టిగా తగ్గిస్తుంది. పై 3 బీ ప్లస్‌లో అయితే మామూలు సెట్టింగుల్లో 60 డిగ్రీలకే మొదటి తగ్గింపు.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. యూట్యూబ్‌లో ఒకాయన ఓ హీట్‌సింక్ పెట్టి ‘ఫుల్ లోడ్‌లో 65 డిగ్రీలే, ఫ్యాన్ అనవసరం’ అంటాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. కానీ ఆయన గది 25 డిగ్రీలుంది. హీట్‌సింక్ ఏదైనా చిప్‌ను గది కంటే చల్లగా చేయలేదు. గది కంటే ఎన్ని డిగ్రీలు పైకి పోతుందో దాన్ని మాత్రమే తగ్గించగలదు. చిప్ ఉష్ణోగ్రత అంటే చుట్టూ ఉన్న గాలి ఉష్ణోగ్రతకు చిప్ పెంచుకున్న వేడి కలిపితే వచ్చేది. ఈ కూడికే మొత్తం సబ్జెక్టు.

హీట్‌సింక్ సామర్థ్యాన్ని ‘వాట్‌కు ఇన్ని డిగ్రీలు’ అని చెబుతారు. దీని పేరు థర్మల్ రెసిస్టెన్స్. ఓమ్స్ లా గుర్తుందిగా? కరెంటు బదులు వేడి, వోల్టేజీ బదులు ఉష్ణోగ్రత తేడా, రెసిస్టర్ బదులు హీట్‌సింక్. లెక్క అదే. ఒక హీట్‌సింక్ వాట్‌కు 8 డిగ్రీలు, చిప్ వేడి 5 వాట్లు అనుకుందాం. 8 ఇంటు 5, అంటే 40 డిగ్రీల పెరుగుదల. 25 డిగ్రీల గదిలో చిప్ 65 దగ్గర నిలుస్తుంది. అదే హీట్‌సింక్, అదే బోర్డు రోహిణి కార్తెలో 41 డిగ్రీలున్న మన మిద్దె గదికి వస్తే 81. అక్కడ ‘అనవసరం’ అన్న చోట ఇక్కడ థ్రాట్లింగ్! రోళ్లు పగిలే ఎండ అని ఊరికే అన్నారా?

ఇప్పుడు లెక్కను వెనక నుంచి చేయండి. గది 42 డిగ్రీలకు పోయినా చిప్ 70 దాటకూడదు అని ముందే నిర్ణయించుకోండి. మిగిలింది 28 డిగ్రీలు. 5 వాట్లతో భాగిస్తే 5.6. అంటే వాట్‌కు 5.6 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువ ఉన్న హీట్‌సింక్ కావాలి. ఆన్‌లైన్‌లో కనిపించే గోరంత నీలం రంగు హీట్‌సింకులు ఈ అంకె దరిదాపులకు కూడా రావు. అందం కోసం అతికించుకోవచ్చు, అంతే. చాలామంది ముందు హీట్‌సింక్ కొని తర్వాత ఉష్ణోగ్రత చూస్తారు. ముందు అంకె తేల్చుకుని తర్వాత కొనేవాడిని ఇంజినీర్ అంటారు.

వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్‌ను చూడండి

ఫ్యాన్ లేకుండా చల్లబడే యంత్రాలు మీ చుట్టూనే బోలెడు. వీధి చివర కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌కు ఫ్యాన్ లేదు, పంపు లేదు. లోపల నూనె ఉంటుంది. వేడెక్కిన నూనె పైకి లేచి, పక్కనున్న గొట్టాల్లోంచి చల్లబడుతూ కిందికి దిగుతుంది. ఆ గొట్టాలను తాకిన గాలి వేడెక్కి పైకి పోతే, దాని స్థానంలోకి కింద నుంచి కొత్త గాలి వస్తుంది. రాత్రీ పగలూ, ఏళ్ల తరబడి ఇదే పని. స్ప్లెండర్ బండి ఇంజిన్ చుట్టూ ఉండే రెక్కలు చూడండి. అవీ హీట్‌సింకే. టీ కొట్టు దగ్గర పెద్దాయన వేడి టీని సాసర్లో పోసుకుని తాగుతాడు. ఎందుకు? గాలి తగిలే జాగా పెరిగితే త్వరగా చల్లారుతుందని. థర్మోడైనమిక్స్ క్లాసు వినకుండానే తెలిసిపోయిన సూత్రమది.

వీటి నుంచి మీ బోర్డుకు తీసుకోవాల్సినవి రెండు. మొదటిది, వేడి గాలి పైకి పోతుంది కాబట్టి దానికి దారి ఉండాలి. రెక్కల హీట్‌సింక్‌ను రెక్కలు నిలువుగా ఉండేలా నిలబెడితే, వాటి మధ్య గాలి పొగగొట్టంలో మాదిరి కింద నుంచి పైకి నడుస్తుంది. బోర్డును బల్ల మీద పడుకోబెట్టే బదులు గోడకు నిలువుగా బిగిస్తే, పైసా ఖర్చు లేకుండా కొన్ని డిగ్రీలు తగ్గే అవకాశం ఉంది. రెండోది, రెక్కల మధ్య సందు. ఫ్యాన్‌తో కలిపి అమ్మే హీట్‌సింకుల్లో రెక్కలు ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎడంతో కిక్కిరిసి ఉంటాయి. ఫ్యాన్ బలంగా తోస్తుంది కాబట్టి అక్కడ అది చెల్లుతుంది. దానంతట అదే నడిచే గాలికి అంత బలం లేదు, ఆ ఇరుకులో నిలిచిపోతుంది. ఐదు మిల్లీమీటర్లకు అటూ ఇటూగా సందున్నవే మనకు నయం. ఫ్యాన్ ఊడబీకేసి మిగిలిన హీట్‌సింక్‌ను వాడుకుందాం అనుకునేవాళ్లు ఇది గమనించాలి.

ఇంకోటి రంగు. మెరిసే నున్నటి అల్యూమినియం వేడిని కిరణాల రూపంలో దాదాపు బయటికి వదలదు. అదే అల్యూమినియానికి ఆనోడైజింగ్ చేస్తే ఎన్నో రెట్లు ఎక్కువ వదులుతుంది. ఫ్యాన్ ఉన్నచోట ఈ తేడా లెక్కలోకి రాదు. ఫ్యాన్ లేనిచోట బయటికి పోయే వేడిలో కిరణాల వాటా తక్కువేం కాదు, అందుకే హీట్‌సింకుల్ని నల్లగా చేస్తారు.

కిరణాలు ఎంత ముఖ్యమో తెలియాలంటే గూడూరుకు దక్షిణంగా, సూళ్లూరుపేట అవతల శ్రీహరికోట నుంచి పైకెళ్లే ఉపగ్రహాలను తలచుకోండి. అంతరిక్షంలో గాలే లేదు. ప్రపంచంలోని ఫ్యాన్లన్నీ తీసుకెళ్లినా అక్కడ ఒక్క డిగ్రీ తగ్గదు. లోపలి ఎలక్ట్రానిక్స్ వేడిని లోహపు పలకల ద్వారా, హీట్ పైపుల ద్వారా ఒక వైపుకు చేర్చి, అక్కణ్నుంచి కిరణాల రూపంలోనే శూన్యంలోకి వదలాలి. మీ బల్ల మీది బోర్డు, రాకెట్‌లో వెళ్లే బోర్డు రాసేది ఒకే పరీక్ష. ఉపగ్రహానికి వచ్చిన ప్రశ్నపత్రం కాస్త కఠినం.

కాకిబంగారం చెప్పే పాఠం

గూడూరు అంటే నిమ్మకాయలు, రైల్వే జంక్షన్. వాటికంటే ముందు మైకా. సైదాపురం, రాపూరు వైపు గనుల్లో దొరికే అభ్రకం దేశాలు దాటి వెళ్లేది. పల్లెల్లో పిల్లలు కాకిబంగారం అని ఏరుకుని ఆడుకునేది దీన్నే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రేడియో పరికరాల తయారీకి మైకా లేనిదే పని జరిగేది కాదు. ఇస్త్రీ పెట్టె రిపేరుకిస్తే కొట్టువాడు లోపలి నుంచి తీసే పలుచని పొరలు, వాటి మీద చుట్టిన తీగ చూశారా? ఆ పొరలు మైకావే.

మన సబ్జెక్టుకూ మైకాకూ దగ్గరి చుట్టరికం ఉంది. పాత యాంప్లిఫయర్లు, స్టెబిలైజర్లలోని పవర్ ట్రాన్సిస్టర్‌ను అల్యూమినియం హీట్‌సింక్‌కు బిగించాలి. కానీ ట్రాన్సిస్టర్ ఒంటి మీదే కరెంటు ఉంటుంది. నేరుగా బిగిస్తే షార్ట్. కరెంటు దాటకూడదు, వేడి మాత్రం దాటాలి. అందుకని మధ్యలో పలుచటి మైకా రేకు పెట్టి, రెండు వైపులా తెల్లటి పేస్ట్ రాసేవాళ్లు. ఇప్పుడు ఆ చోట్లోకి సిలికాన్ ప్యాడ్లు చాలావరకు వచ్చేశాయి. పాత యాంప్లిఫయర్ దొరికితే విప్పి చూడండి, ఆ రేకు కనిపించొచ్చు.

నిజానికి మైకా వేడిని గొప్పగా మోసే పదార్థమేమీ కాదు. రాగి వాహకత సుమారు 400, అల్యూమినియానిది 200 పైమాటే (మీటరుకు, డిగ్రీకి వాట్లలో). రేకుకు అడ్డంగా కొలిస్తే మైకాది అర మాత్రమే! మరి ఎలా పనిచేసింది? కాగితం కంటే పలుచగా చీలుతుంది కాబట్టి. వేడికి అడ్డు ఎంత అన్నది పదార్థం గుణం మీద ఎంత ఆధారపడుతుందో, మందం మీదా అంతే ఆధారపడుతుంది.

ఫ్యాన్ లేని కూలింగ్‌లో చాలామంది ఓడిపోయేది ఇక్కడే. మంచి హీట్‌సింక్ కొంటారు. చిప్‌కు, దానికి మధ్య ఏముందో చూడరు. కిట్‌తో వచ్చిన ఒక మిల్లీమీటర్ మందం మెత్తటి ప్యాడ్ అతికించి వదిలేస్తారు. లెక్క వేద్దాం. చిప్ మూత 15 మిల్లీమీటర్ల చదరం, ప్యాడ్ వాహకత 1.5 అనుకోండి. ఆ ప్యాడ్ ఒక్కటే వాట్‌కు దాదాపు 3 డిగ్రీలు. 5 వాట్లకు 15 డిగ్రీలు గల్లంతు! హీట్‌సింక్ దాకా వెళ్లకుండానే మీ 28 డిగ్రీల బడ్జెట్‌లో సగం పైన ఖర్చయిపోయింది. అదే చోట వాహకత 4 ఉన్న థర్మల్ పేస్ట్ పదో వంతు మిల్లీమీటర్ పొరగా పరిస్తే నష్టం అర డిగ్రీ మాత్రమే. నేనైతే హీట్‌సింక్ సైజు గురించి ఒక గంట ఆలోచిస్తే, ఈ మధ్య పొర గురించి రెండు గంటలు ఆలోచించమంటాను.

అలాగని పేస్ట్‌ను దోసె మీద కారప్పొడి పూసినట్టు దట్టించకండి. రెండు లోహాల మధ్య కంటికి కనిపించని గుంటల్లో గాలి ఉంటుంది. గాలి వేడిని దాదాపు మోయదు. ఆ గుంటలు నిండితే చాలు. బియ్యపు గింజంత చుక్క వేసి, హీట్‌సింక్‌ను సమంగా అదిమి, కదలకుండా బిగించాలి. పేస్ట్‌కు పట్టుకునే గుణం ఉండదు కాబట్టి స్క్రూలు లేదా క్లిప్పులు తప్పనిసరి. హీట్‌సింక్ అంచు బోర్డు మీది పిన్నులకు, కెపాసిటర్లకు తగలకుండా చూసుకోండి. అల్యూమినియానికి కరెంటు బాగా పారుతుంది, అక్కడ మైకా లేదు మరి!

రాస్‌బెరీ పై వాళ్లు 2020 నవంబర్‌లో తెచ్చిన పై 400 ఇదంతా అమల్లో పెట్టిన నమూనా. అది కీబోర్డులోనే ఇమిడిపోయిన కంప్యూటర్. ఫ్యాన్ లేదు. పై 4లో ఉన్న రకం ప్రాసెసరే. కానీ పై 4 వచ్చినప్పటి వేగం 1.5 గిగాహెర్ట్‌జ్ అయితే దీనిది 1.8. కీబోర్డు కింద పరిచిన వెడల్పాటి లోహపు పలకకు చిప్ వేడిని చేర్చడం వల్లే అది సాధ్యమైంది. ఆ పలకకు రెక్కల్లేవు, సోకుల్లేవు. వేడికి నేరుగా దారి, గాలికి తగినంత జాగా. అంతే.

చిప్ 5 వాట్లు.. సూర్యుడు 30!

బోర్డును ఆరుబయట పెట్టేవాళ్లు ఈ భాగాన్ని రెండుసార్లు చదవాలి. నడినెత్తిన ఎండ చదరపు మీటరుకు సుమారు 1000 వాట్ల శక్తిని కుమ్మరిస్తుంది. మీ పెట్టె మూత 20 సెంటీమీటర్లు ఇంటు 15 అనుకోండి. దాని మీద పడేది 30 వాట్లు. లోపలి ప్రాసెసర్ 5 వాట్ల గురించి మనం ఇంతసేపు కొట్టుకుంటుంటే, మూత మీద దానికి ఆరు రెట్లు పడుతోంది! నల్ల పెట్టె అయితే అందులో ఎక్కువ భాగాన్ని పీల్చుకుంటుంది. తెల్ల రంగు వేస్తే పావు వంతు దరిదాపుల్లో ఆగుతుంది. పైన ఓ చిన్న రేకు పందిరి వేసి, పందిరికీ పెట్టెకూ మధ్య గాలి ఆడనిస్తే సమస్య దాదాపు తీరినట్టే.

హీట్‌సింకులు నల్లగా ఉండాలని ఇందాకే అన్నారు, ఇప్పుడు తెల్ల పెట్టె అంటున్నారేమిటి అని అడగాలి మీరు. అడిగితే మంచిదే, ఇంటర్వ్యూలోనూ అడుగుతారు. ఎండ మన కంటికి కనిపించే వెలుగులోనూ, దాని పక్కనే ఉన్న తరంగాల్లోనూ వస్తుంది. 60, 70 డిగ్రీల వస్తువు వదిలే కిరణాలు కంటికి కనిపించని దూరపు ఇన్‌ఫ్రారెడ్‌లో ఉంటాయి. మామూలు తెల్ల పెయింట్ ఎండను వెనక్కి కొడుతుంది, ఇన్‌ఫ్రారెడ్‌ను మాత్రం నల్ల పెయింట్‌లాగే ధారాళంగా వదులుతుంది. కాబట్టి నీడలో ఉండే హీట్‌సింక్ నల్లగా, ఎండలో ఉండే పెట్టె తెల్లగా. వాతావరణ కేంద్రాల్లో థర్మామీటర్లు పెట్టే చెక్క పెట్టె గుర్తుందా? తెల్ల రంగు, చుట్టూ గాలి ఆడే పలకలు. అదే తర్కం.

పెట్టెను పూర్తిగా మూయక తప్పదంటే ప్లాస్టిక్ మానేసి లోహపు పెట్టె వాడండి. చిప్‌కూ పెట్టె గోడకూ మధ్య అల్యూమినియం దిమ్మ ఒకటి బిగించండి. అప్పుడు పెట్టె మొత్తం హీట్‌సింక్ అవుతుంది, ఉప్పుగాలి లోపలికి రానే రాదు. ఫ్యాన్ లేని పారిశ్రామిక కంప్యూటర్లు చాలావాటి లోపల ఉండే ఏర్పాటు ఇదే.

వేడిని పుట్టకముందే ఆపొచ్చు

సీఎస్‌ఈ వాళ్లు ఇప్పటిదాకా ‘ఇదంతా మెకానికల్ గొడవ’ అని పేజీ తిప్పబోయి ఉంటారు. ఆగండి, ఇక్కణ్నుంచి మీ వంతు. ప్రాసెసర్ పని చేసేటప్పుడు పుట్టే వేడి వేగానికి అనులోమంగా, వోల్టేజీ వర్గానికి అనులోమంగా మారుతుంది. వేగాన్ని 20 శాతం తగ్గించి, దాంతో పాటు వోల్టేజీ 10 శాతం తగ్గగలిగితే? 0.8 ఇంటు 0.81. అంటే 0.65 దాకా వస్తుంది. 5 వాట్లు కాస్తా మూడుంబావుకు దిగాయి. ఐదో వంతు వేగం వదులుకుంటే మూడో వంతు వేడి తగ్గింది. చాలా ప్రాజెక్టుల్లో ఆ ఐదో వంతు వేగం లేదని ఎవరికీ తెలియను కూడా తెలియదు.

అంతకంటే ముందు, బోర్డు అసలు ఎందుకు కష్టపడుతోందో చూడండి. నిమిషానికోసారి చదవాల్సిన సెన్సర్‌ను ఖాళీ లేని లూప్‌లో సెకనుకు వేలసార్లు చదివే కోడ్ ఎన్ని ప్రాజెక్టుల్లో ఉంటుందో లెక్కలేదు. లూప్‌లో ఓ చిన్న స్లీప్ పెడితే ఒక కోర్ మొత్తం ఖాళీ అవుతుంది. డెస్క్‌టాప్ లేని లైట్ వెర్షన్ లైనక్స్ వాడండి, అక్కర్లేని సర్వీసులు ఆపేయండి. పై 4 వచ్చిన కొత్తలో ఎదురైన వేడిని ఆ తర్వాతి నెలల్లో కొంత ఫర్మ్‌వేర్ అప్‌డేట్లతోనే తగ్గించారు. స్క్రూడ్రైవర్ ముట్టుకోకుండా చల్లబరచడమంటే అదే.

కొలతే అసలు ప్రాజెక్టు

చిప్ ఉష్ణోగ్రతను లైనక్స్ ఒక ఫైల్‌లో ఉంచుతుంది. అందులో 61200 అని కనిపిస్తే 61.2 డిగ్రీలు అని అర్థం. పైథాన్‌లో పదిహేను లైన్లు రాస్తే ఐదు సెకన్లకోసారి చదివి పట్టికలో రాసుకుంటుంది. దాని పక్కనే గది ఉష్ణోగ్రత కూడా రాయాలి. దీన్ని మర్చిపోయే వాళ్లే ఎక్కువ. డీఎస్18బీ20 లాంటి చౌక సెన్సర్‌ను బోర్డుకు ఒక అడుగు దూరంలో, వేడి గాలి తగలని చోట వేలాడదీస్తే సరిపోతుంది. రెండింటి మధ్య తేడాయే మీ హీట్‌సింక్ మార్కు. ఆ తేడా ఉంటేనే డిసెంబర్ కొలతను మే కొలతతో పోల్చగలరు.

తర్వాత స్ట్రెస్ ఎన్‌జీ లాంటి ప్రోగ్రామ్‌తో నాలుగు కోర్లకూ పూర్తి పని ఇవ్వండి. ఐదు నిమిషాలు చూసి ‘బాగానే ఉంది’ అనేయకండి. బరువైన లోహం నెమ్మదిగా వేడెక్కుతుంది, మొదటి పది నిమిషాలు మనల్ని మోసం చేస్తుంది. పది నిమిషాల్లో ఒక డిగ్రీ కంటే తక్కువ మార్పు వచ్చేదాకా, అంటే అరగంటో గంటో నడవనివ్వాలి. ఒకసారికి ఒకటే మార్చండి. పడుకోబెట్టి ఓసారి, నిలబెట్టి ఓసారి. ప్యాడ్‌తో ఓసారి, పేస్ట్‌తో ఓసారి. కొలిచేటప్పుడు గదిలో సీలింగ్ ఫ్యాన్ ఆపేయండి! ‘ఫ్యాన్ లేని కూలింగ్’ అని పేరు పెట్టి నెత్తి మీద ఫ్యాన్ తిప్పుకుంటూ గొప్ప ఫలితాలు చూపిస్తే ఎలా? చెమటలు పడతాయి, నిజమే. ప్రోగ్రామ్ మొదలుపెట్టి మీరు వరండాలో కూర్చోండి.

థ్రాట్లింగ్ జరిగిందా లేదా అన్నది రాస్‌బెరీ పైలో ‘గెట్ థ్రాటిల్డ్’ ఆదేశం చెబుతుంది. జవాబు సున్నా వస్తే ఇబ్బందేమీ జరగలేదు. ఇక్కడో మెలిక. చౌక ఛార్జర్ వల్ల వోల్టేజీ పడిపోయినా ఇదే ఆదేశం హెచ్చరిస్తుంది, అప్పుడూ వేగం తగ్గొచ్చు. ఏ కారణమో తేలకుండా హీట్‌సింక్ మార్చినా ఉపయోగం లేదు.

సామాను కోసం పెద్దగా ఖర్చక్కర్లేదు. చెన్నై రైలెక్కితే రిచీ స్ట్రీట్, హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీ. పాత మదర్‌బోర్డుల మీది అల్యూమినియం హీట్‌సింకులు పాత సామాను కొట్లలో దొరుకుతాయి. ఎస్‌ఎంపీఎస్ పెట్టెలు మాత్రం విప్పొద్దు. ప్లగ్ పీకేసినా లోపలి కెపాసిటర్లు గట్టిగా షాక్ కొడతాయి.

రెజ్యూమెలో ఎలా రాయాలి?

‘రాస్‌బెరీ పై ఆధారిత మానిటరింగ్ సిస్టమ్’ అని రాస్తే ఆ లైను వంద రెజ్యూమెల్లో ఉంటుంది. మీరు కొలిచిన అంకెలతో రాయండి. ‘గాలి చొరబడని పెట్టెలో, ఫ్యాన్ లేకుండా, ఇంత గది ఉష్ణోగ్రతలో, పూర్తి లోడ్‌తో ఇన్ని గంటలు థ్రాట్లింగ్ లేకుండా నడిపాను’ అన్న వాక్యం చదివితే ఎదుటివాళ్లు తల ఎత్తి చూస్తారు. తర్వాత వచ్చే ప్రశ్నలు ఊహించొచ్చు. ఈ హీట్‌సింకే ఎందుకు? రాగి వాడితే ఏమయ్యేది? (చిన్న హీట్‌సింక్‌లో లోహం లోపల పోయే డిగ్రీలు ఎటూ తక్కువే, అసలు అడ్డు లోహం నుంచి గాలికి వెళ్లేచోట ఉంది కాబట్టి రాగి వల్ల పెద్ద తేడా రాదు. ఇది చెప్పగలిగితే సగం గెలిచినట్టే.) ఉష్ణోగ్రత ఇంకో పది డిగ్రీలు పెరిగితే ముందు ఏది చెడుతుంది? గ్రాఫ్ చూపించి మాట్లాడితే ‘కొన్న ప్రాజెక్టేమో’ అన్న అనుమానం దానంతటదే పోతుంది.

దీనికి ఉద్యోగాలున్నాయా అంటే, థర్మల్ ఇంజినీర్ అనే పోస్టు నిజంగానే ఉంది. ఫోన్లు, సర్వర్లు, విద్యుత్ వాహనాల బ్యాటరీలు, టెలికాం పరికరాలు తయారుచేసే ప్రతిచోటా వేడి లెక్కలు వేసేవాళ్లు కావాలి. గూడూరు నుంచి హైవే మీద చెన్నై వైపు వెళ్తే తడ దగ్గర శ్రీసిటీ. అక్కడ డైకిన్, బ్లూస్టార్ ఏసీల ఫ్యాక్టరీలు 2023లో మొదలయ్యాయి. విశాఖలో ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ హబ్, అందులో భాగంగా పెద్ద డేటా సెంటర్ పెడతామని గూగుల్ 2025 అక్టోబర్‌లో ప్రకటించింది. డేటా సెంటర్లో కంప్యూటర్లు నడపడం ఎంత పనో, వాటి వేడిని బయటికి పంపడం అంత పని.

పరిశోధన వైపు ఆసక్తి ఉంటే సురేష్ గరిమెళ్ల గురించి వెతకండి. ఇంటిపేరు మనకు పరిచయమైనదే. ఐఐటీ మద్రాస్‌లో 1985లో మెకానికల్ బీటెక్ చేసి అమెరికా వెళ్లారు. పర్‌డ్యూ యూనివర్సిటీలో ఎలక్ట్రానిక్స్ చల్లబరిచే పద్ధతుల మీద కూలింగ్ టెక్నాలజీస్ రీసెర్చ్ సెంటర్‌ను నడిపారు. 2019లో వర్మాంట్ యూనివర్సిటీకి, 2024లో అరిజోనా యూనివర్సిటీకి అధ్యక్షుడయ్యారు. హీట్‌సింక్‌ను చిన్నచూపు చూసేవాళ్లకు చెప్పండి.

గేట్ మెకానికల్ రాసేవాళ్లకు రెక్కలు, సహజ సంవహనం ఎలాగూ సిలబస్‌లోనే ఉన్నాయి. సిమ్యులేషన్ నేర్చుకోవాలంటే ఓపెన్‌ఫోమ్ ఉచితం, ఆన్సిస్ విద్యార్థి వెర్షన్ కూడా ఉచితమే. సిమ్యులేషన్‌లో వచ్చిన అంకె, మీ బల్ల మీద కొలిచిన అంకె పక్కపక్కన పెట్టి, తేడా ఎందుకొచ్చిందో ఒక పేజీ రాయండి. ఆ పేజీ చాలా సర్టిఫికెట్ కోర్సుల కంటే బరువైనది, నా దృష్టిలో.

ఒక్క మాట, టైమింగ్ గురించి. చాలా కాలేజీల్లో క్యాంపస్ సెలక్షన్లు జులై, ఆగస్టులో ఊపందుకుంటాయి. 40 దాటిన గది అప్పటికి దొరకదు, నైరుతి గాలులు వచ్చేసి ఉంటాయి. రోహిణి కార్తె మే ఆఖరు వారంలో మొదలై జూన్ మొదటి వారం దాకా ఉంటుంది. సెమిస్టర్ పరీక్షలు ఉన్నా సరే, మధ్యాహ్నం రెండింటికి ఒకటి, తెల్లవారుజామున ఐదింటికి ఒకటి చొప్పున నాలుగు రోజుల కొలతలు తీసి పెట్టుకోండి. గ్రాఫులు వానాకాలంలో గీసుకోవచ్చు.